గరగరకు అయిదుకు అయిదు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే మనుషులంటే నాకు మొదటినుంచీ మంట. ఆ రోజుల్లో వానలు బాగా పడేవట, ఆ రోజుల్లో టమాటాలు పుల్లగా ఉండేవట, ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్లట. పడ్డ ప్రతి వానకూ మా ఇంటి కప్పు కారడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. అయినా ఇవాళ నేనూ ఆ పనే చేయబోతున్నాను. ఎందుకంటే మొన్న నా పుట్టినరోజునాడు, తుర్కపల్లి పోయే కంపెనీ క్యాబ్‌లో నా పక్కన మోచేయి తగిలేంత దగ్గర్లో కూర్చున్న కుర్రాడు, నోరు తెరిచి ఒక్క మాట అనకుండా నా ఫోనుకు కేకు బొమ్మ పంపించాడు. సుచిత్ర చౌరస్తా దాటేలోపల ఆఫీసు గ్రూపు నిండా కేకులే. ఒకే కేకు, అవే గులాబీలు, ఒకరు పంపిందాన్నే ఇంకొకరు ముందుకు తోశారు. మా మేనేజరు పంపినదాని కింద వేరే ఎవరి పేరో ఉంది (ఆయన ఎవరో, ఆయనకు నా కేకు చేరిందో లేదో). అందరికీ దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పేరు మీద కార్డు రావడమంటే ఏమిటో తెలిసిన మనిషిని నేను. ఈ కేకులకు మురిసిపొమ్మంటే ఎలా మురుస్తాను?

నా చిన్నతనంలో శామీర్‌పేటలో మా గల్లీ మొత్తానికి కార్డులు వచ్చేది ఒక్క ఎదురింటికే. ఎదురింటి కంపౌండర్ మామ వాళ్లు చర్చికి పోయేవాళ్లు. డిసెంబరు వచ్చిందంటే వాళ్లకు నక్షత్రాలు, గొర్రెపిల్లలు, మంచు పడ్డ చెట్లు అచ్చేసిన కార్డులు వచ్చేవి. వాటిని సుతిలి తాడు మీద బట్టల్లా ఆరేసి వచ్చినవాళ్లకల్లా చూపించేవాళ్లు. మా ఇంటికి వచ్చే ఉత్తరాలు రెండే రకాలు. మూలకు పసుపు రాసి ఉంటే పెళ్లి, రాయకుంటే చావు. రెంటి మీదా నాయిన పేరే. నా పేరు మీద ఈ భూమ్మీద ఎవరూ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. స్కూల్లో హాజరు పట్టీలో తప్ప నా పేరు ఎక్కడా కనిపించేది కాదు, అక్కడ కూడా ఇంటిపేరు తప్పు.

నాయినకు బస్టాండు పక్కన సైకిల్ టాక్సీ ఉండేది, అంటే గంట లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం. మా పోస్టు మామ సైకిలుకు గాలి, పంక్చరు అన్నీ అక్కడ ఊరికే. దానికి బదులుగా ఆయన మా ఇంటిదాకా రావడం మానేసి ఉత్తరాలన్నీ దుకాణంలోనే పడేసి పోయేవాడు (బదులు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేదు). స్కూలు వదలగానే నేను దుకాణానికి పోయి ఆ ఉత్తరాలు తిరగేసేవాణ్ని. ఎవరెవరి పెళ్లిళ్లో అవుతున్నాయి, ఎవరెవరో పోతున్నారు, నాతో మాత్రం ఎవరికీ పని లేదు.

ఇలా ఉండగా మేడ్చల్ బావ, అంటే మా మేనత్త కొడుకు, సెలవులకు వచ్చి ఒక రంగుల కార్డు చూపించాడు. రేడియోను తనే కనిపెట్టినంత దర్జాగా దాని వివరం చెప్పాడు. దూరదేశాల రేడియో స్టేషన్లు హిందీలో కూడా మాట్లాడతాయట. మన దగ్గర ఎలా వినిపిస్తోందో రాసి పంపితే, 'అవును, మీరు విన్నది మమ్మల్నే' అని ఒప్పుకుంటూ వాళ్లొక కార్డు పంపిస్తారట. పైసా అడగరట, పేరు మాత్రం మనదే ఉంటుందట. రాయడానికి ఒక పద్ధతి ఉంది. గొంతు ఎంత గట్టిగా ఉంది, పక్క స్టేషను అడ్డం వస్తోందా, గరగర ఉందా, శబ్దం ఎగుడుదిగుడుగా ఉందా, మొత్తం మీద ఎలా ఉంది, అని అయిదు సంగతులకు మార్కులు వేయాలి. ఒకటంటే నాశనం, అయిదంటే అద్భుతం. అప్పటిదాకా లోకం నాకు మార్కులు వేయడమే గాని నేను ఒక దేశానికి మార్కులు వేయడమన్నది ఊహకే గొప్పగా అనిపించింది.

మా ఇంట్లో తోలు సంచి తొడిగిన రేడియో ఒకటుండేది. దాని వెనక రాగితీగ కట్టి, ఆ తీగను బట్టలారేసే ఇనుప దండేనికి తగిలించి, సాయంత్రాలు దాని ముందు కూర్చున్నాను. గరగర, కుయ్, మళ్లీ గరగర. కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఎక్కడో గోడ అవతలినుంచి మాట్లాడినట్టు ఒక ఆడమనిషి హిందీలో ఆ స్టేషను పేరు చెప్పి, ఏదో పాట వేసి, ఆ పాటతో సహా గరగరలో మునిగిపోయింది. (ఆ దేశం పేరు చెప్పను. చలిదేశం, మర్యాదస్తుల దేశం. ఇప్పుడు వాళ్ల పరువు తీయడమెందుకు.) నాకు ఆ కాసేపు చాలు. విన్నదంతా తెలుగులో రాసుకుని మా చిన్నాయిన దగ్గరకు పరుగెత్తాను.

చిన్నాయిన నాయినకు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. కుత్బుల్లాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వచ్చేపోయే లారీల నంబర్లు రాసే ఉద్యోగం. ఆ నంబర్లు ఇంగ్లీషులో ఉంటాయి గనుక మా గల్లీలో ఆయన ఇంగ్లీషు వచ్చినవాడిగా చలామణి అయిపోయాడు. చంకలో డిక్షనరీ లేకుండా ఛాయ్ తాగడానికి కూడా పోయేవాడు కాదు. హిందీలో రాసినా సరిపోయేదని నాకు తర్వాత తెలిసింది గాని, దేశం కాని దేశానికి ఇంగ్లీషు ఉత్తరం తప్ప చేరదని మా ఇంట్లో అందరి నమ్మకం, ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది చిన్నాయినే. ఆయన రాసిన ఉత్తరం పోస్టులో పడింది. నేను రోజూ దుకాణంలో కాపలా కాశాను.

కార్డు వచ్చిన రోజు పోస్టు మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ''ఏందిరా గిది, నీ పేరు మీదున్నది?'' అన్నాడు, అదేదో నేను చేసిన నేరమైనట్టు. ఒక వైపు మంచు కప్పిన చెక్క ఇల్లు, దాని కిటికీలో పసుపుపచ్చ వెలుతురు. రెండోవైపు మిషను మీద కొట్టిన నా పేరు, దాని ముందు 'శ్రీ'. చెప్పుల్లేకుండా తిరిగే నాకు శ్రీ. మా హెడ్మాస్టరుకు కూడా అందరూ శ్రీ పెట్టేవాళ్లు కాదు. నవ్వాలో ఏడవాలో తెలియక దుకాణంలో ఉన్న సైకిళ్లన్నిటి గంటలూ మోగించాను. నాయిన కార్డును అనుమానంగా చూసి, ''ఏం తెప్పిచ్చినవ్‌రా? పైసలెవడిస్తడు?'' అన్నాడు. ఇంటికి పరుగెత్తుకుపోయి అవ్వకు, అంటే నాయినను కన్నతల్లికి, చూపిస్తే ఆమె కార్డు మూలలు తడిమి చూసి, పసుపు కనపడక, ''ఎవలు పోయిండ్రు బిడ్డా?'' అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇలాంటి మనుషుల మధ్య పెరిగాను నేను. ఆ రాత్రి కార్డును దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

అసలు పీడ రెండో ఉత్తరంతో మొదలైంది. ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు కూర్చున్నా ఆ ఆడమనిషి మళ్లీ దొరకలేదు, గరగర తప్ప ఏమీ లేదు. మార్కులన్నీ ఒకట్లు వేసుకుని చిన్నాయిన దగ్గరకు పోయాను. ఆయన ఆ కాగితం చూసి కళ్లద్దాలు తీసేశాడు.

''ఒకట్లేస్తవా? సిగ్గు లేదురా నీకు?''

''ఏం వినవడ్తలేదు చిన్నాయినా. గర్ర్ అంటాంది, గంతే.''

''గా రేడియోల ఆయన సముద్రాలు దాటి నీ ఇంటికొచ్చి, ఎట్లున్నదయ్యా మా మాట అని అడుగుతాండు. బాగలేదని మొఖం మీద చెప్తవా? పిలిచి అన్నం పెట్టినోనికి పప్పుల ఉప్పు లేదని చెప్తమా మనం?''

చెప్పం. అది నిజమే. మా వైపు పెళ్లి భోజనంలో బగారా అన్నం అడుగంటి పొగ వాసన కొడుతున్నా, పెళ్లివాళ్లు వచ్చి ఎట్లున్నదని అడిగితే ''మస్తున్నది'' అనే అంటాం. అడిగిన మనిషికి కావలసింది జవాబు కాదు, మర్యాద. ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. చలిదేశంవాళ్లకు ఈ విద్య లేదని, వాళ్లు అడిగారంటే తెలుసుకోవడానికే అడిగారని చిన్నాయినకు గాని నాకు గాని ఎలా తెలుస్తుంది? ఆయన నా ఒకట్లన్నీ కొట్టేసి వరసగా అయిదులు వేశాడు. వాళ్లే మొదటి కార్డుతోపాటు పంపిన కార్యక్రమాల చిట్టీ చూసి, ఫలానా వార్తలు విన్నాం, ఫలానా పాట విన్నాం, ఆనందించాం అని నింపేశాడు. కార్డు వచ్చింది. ఈసారి మంచు మీద కుక్కలు లాగే బండి.

అలా ఏడాది గడిచింది. మేం గరగర వింటూ అయిదులు పంపడం, వాళ్లు కార్డులు పంపడం. మా ఇంటి గోడ మీద కూడా సుతిలి తాడు వేలాడింది, కంపౌండర్ మామ ఇంట్లో కంటే పొడుగ్గా. ప్రతి కార్డు మీదా నా పేరే. చిన్నాయినకైతే పట్టపగ్గాల్లేవు. ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీ డ్రైవర్లను ఆపి మరీ, ''ఫారిన్ రేడియోకు మనమే సలహాలిస్తున్నం'' అని చెప్పేవాడట. మేడ్చల్ బావకు రెండు కార్డులు వచ్చి ఆగిపోయాయి, ఎందుకంటే ఆ మూర్ఖుడు ఉన్నదున్నట్టు రాసేవాడు. వాణ్ని చూసి నేను నవ్వాను కూడా.

అప్పుడు కార్డుకు బదులు కవరు వచ్చింది. చిన్నాయిన నలుగురినీ కూర్చోబెట్టి గొంతు సవరించుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. సగానికి వచ్చేసరికి గొంతు తగ్గింది, చివరికి వచ్చేసరికి డిక్షనరీ మూసేశాడు. సారాంశం ఇది: దక్షిణాదిన ఎవరికీ ఈ ఏడాది మా రేడియో వినపడడం లేదు, అందరూ అదే రాస్తున్నారు. మీ ఇంట్లో మాత్రం అద్భుతంగా వినపడుతోంది. మా ఇంజనీర్లకు ఇది అంతుపట్టడం లేదు. మీ వైపు ప్రసారం మూసేద్దామనుకున్నవాళ్లు కూడా మీ ఉత్తరాలు చూసి ఆగారు. మా హిందీ విభాగం ఆయన హైదరాబాదు వస్తున్నారు, ఒక సాయంత్రం మీ ఇంట్లో కూర్చుని వింటారు.

''ఇగ ఎట్ల?'' అన్నాడు నాయిన. చిన్నాయిన ఉత్తరాన్ని మడిచి కవరులో పెట్టేశాడు. నా గుండె మాత్రం గోడ మీది తాడు దగ్గర ఆగిపోయింది.

''చిన్నాయినా, కార్డులు వాపస్ తీస్కపోతడా?''

''తీస్కపోతే పోనీ, పోలీసోల్లను తీస్కరాకుంటే అదే పదివేలు'' అన్నాడు ఆ ఇంగ్లీషు పండితుడు.

ఆ వారం మా ఇల్లు చూడాలి. నిజంగానే వినపడేట్టు చేస్తే పోతుంది గదా అని చిన్నాయినకు ఆలోచన వచ్చింది. ఎక్కడెక్కడి తీగలో తెచ్చి మా దండేనికి కంపౌండర్ మామ దండెం కలిపాడు, దానికి పక్కింటి దండెం కలిపాడు. గల్లీ మొత్తం ఒకటే తీగ అయ్యింది, గరగర మాత్రం ఇంకా గట్టిగా వచ్చింది. అవ్వ ఆ తీగ మీద చీర ఆరేస్తే చిన్నాయిన మండిపడ్డాడు. ''తీగున్నదే దానికి. నీ గరగర ఆరేస్తరా దానిమీద?'' అంది అవ్వ. ఆమెకు రేడియో గొడవ పట్టలేదు. అంత దూరంనుంచి వచ్చేవాడు ఏం తింటాడన్నదే ఆమె పరేషాన్. చెరువు చేపలు తెప్పించింది, చింతపండు నానేసింది, మిరపపొడి కొత్తది కొట్టించింది. నేను మాత్రం నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆ చెక్క ఇంటి కార్డును తాడు మీదనుంచి తీసి బియ్యం డబ్బాలో దాచాను. ఒక్కటైనా మిగలాలి గదా.

ఆయన టాక్సీలో దిగాడు. పొడుగ్గా, ఎర్రగా, ఎండకు కందిపోయి, మెడలో చిన్న మెరిసే రేడియోతో. గల్లీ అప్పటికప్పుడు ఆయనకు రేడియో దొర అని పేరు పెట్టేసింది. ఆయన హిందీ ఎంత శుద్ధమైనదంటే, 'కైకు', 'నక్కో'ల హైదరాబాదీ హిందీతో బతుకు వెళ్లదీసే మా ఊరివాళ్లు నోరు తెరుచుకుని విన్నారు గాని ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. నన్ను చూసి, ఆ శ్రీ నేనేనని తెలిసి, వంగి నాకు నమస్కారం పెట్టాడు. సాయంత్రం వేళకు మా వాకిలి నిండా జనం. చిన్నాయిన రేడియో పెట్టాడు.

గర్ర్‌ర్.

దొర తన రేడియో పెట్టాడు. అదీ గర్ర్‌ర్. దొర ముఖంలో ఏదో కదిలింది. చుట్టూ చూసి, ఎలా వినిపిస్తోందని నాయిననే మొదట అడిగాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ రేడియో ముందు కూర్చోని మా నాయిన, తల పక్కకు వంచి శ్రద్ధగా విని, ''అచ్ఛా హై సాబ్'' అన్నాడు. ఊరుకోవచ్చు గదా. ''రేడియోల ఆయనకు జర సర్ది అయినట్టున్నది, గొంతు పట్టేసింది'' అని చిన్నాయినతో చెప్పించాడు కూడా. అబద్ధమాడితే నరకమని ప్రతి ఆదివారం వినొచ్చే కంపౌండర్ మామ, ''మాట సాఫ్ ఉన్నది సార్'' అన్నాడు. వెనకనుంచి పోస్టు మామ, ''మొన్నటికన్న ఇయ్యాల ఇంక మంచిగున్నది'' అన్నాడు. మొన్న ఆయన లేడు. ఎవరో దగ్గితే అవ్వ కసిరింది, ''సప్పుడు జెయ్యకుండ్రి, ఆయన మాట్లాడుతాండు గదా'' అని. అంతమంది మనుషులు గరగరను చూస్తూ తలలూపుతున్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దొర రెండు రేడియోలనూ మార్చి మార్చి చూసి, చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. పాపం, లోపం తన చెవుల్లోనే ఉందేమోనని అనుమానం వచ్చినట్టుంది.

కార్యక్రమం, అంటే గరగర, అయిపోయింది. అవ్వ ఆకు వేసింది. చేపల పులుసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దొర ఎరుపు ఇంకో ఎరుపులోకి మారింది. నుదుటి మీద చెమట, కళ్లలో నీళ్లు, ముక్కు కారుతోంది.

''ఎట్లున్నదో అడుగురా'' అంది అవ్వ. చిన్నాయిన అడిగాడు.

''బహుత్ అచ్ఛా, మాతాజీ'' అన్నాడు దొర, ఊపిరి పీల్చుకుంటూ.

బాగుందన్నాడు గనుక అవ్వ ఇంకో గరిటె పోసింది. అది కూడా బాగుందన్నాడు. ఇంకో గరిటె పడింది. మూడోసారి ఎట్లున్నదని అడిగేసరికి దొర 'బహుత్' అని ఆగిపోయాడు. ఆకులో చేపను చూశాడు, మూలనున్న రేడియోను చూశాడు, మళ్లీ చేపను చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. కారం కన్నీళ్లూ నవ్వు కన్నీళ్లూ కలిసిపోయి, ఎంతసేపటికీ ఆపలేకపోయాడు. గల్లీ వాళ్లు కూడా మర్యాదకు నవ్వారు.

నవ్వు ఆగాక నన్ను దగ్గరకు పిలిచి, నాకు అర్థమయ్యేంత చిన్న చిన్న మాటల్లో, నిజంగా ఏం వినపడుతుందని అడిగాడు. నేను చిన్నాయిన వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు.

''గర్ర్ అంటది సాబ్'' అన్నాను.

దొర తలూపాడు. కోపం లేదు. పులుసు వైపు వేలు చూపించి, ''ఇది కూడా కొంచెం మండుతుంది'' అన్నాడు నాకొక్కడికే వినపడేట్టు. ఇకనుంచి చిన్నాయినతో కాకుండా నన్నే, నాకొచ్చిన హిందీలో, విన్నది విన్నట్టు రాయమన్నాడు. మా అయిదుల్ని నమ్మి వాళ్ల ఇంజనీర్లు ఏడాదిగా ఖాళీ గాలిలోకి మాట్లాడుతున్నారన్నాడు. గోడ మీది కార్డులు చూశాడు గాని ఒక్కటి కూడా ముట్టుకోలేదు. వెళ్లేటప్పుడు అవ్వ కాళ్లకు దండం పెట్టాడు. చిన్నాయిన వారం రోజులు ఇంగ్లీషు మాట్లాడలేదు. ఆ వారం ఇల్లు చాలా ప్రశాంతంగా ఉంది.

నేను నిజం రాశాను. కూర్చుని, చెవి ఒగ్గి విని, 'ఏమీ వినపడలేదు' అని నా వంకర హిందీలో రాసి అన్నీ ఒకట్లు వేసి పంపాను. కార్డు రాలేదు. ఇంకోసారి రాశాను. రాలేదు. మేడ్చల్ బావను అడిగితే పగలబడి నవ్వాడు. ''విన్నోల్లకు గదరా కార్డు. విననోనికి ఏమని ఇస్తరు?'' అన్నాడు. వాడి కార్డులు ఆగినట్టే నావీ ఆగుతాయని, దొరే నిజం రాయమన్నాక, నాకు తట్టనే లేదు. నిజం చెప్పమన్నవాడు నిజం చెబితే కార్డు ఉండదని చెప్పకుండా పోయాడు. ఆ చలిదేశం మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

అప్పుడు వచ్చింది కార్డు. నాకు కాదు. 'పూజ్య మాతాజీ, సైకిల్ దుకాణం, శామీర్‌పేట' అని హిందీలో చేత్తో రాసి ఉంది. పోస్టు మామ ఏళ్ల తర్వాత మొదటిసారి మా ఇంటిదాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. వాళ్ల పద్ధతి ప్రకారమే, ఫలానా సాయంత్రం మీ చేపల పులుసు మాకు అందింది అని ఒప్పుకుంటూ, దానికి మార్కులు వేసి, కింద ఆయన సంతకం. అక్షరం ముక్క రాని అవ్వ దాన్ని తలకిందులుగా పట్టుకుని గల్లీ అంతా తిరిగింది. చెరువు కట్ట మీద చేపలమ్మేవాళ్ల దగ్గరకు పోయి, ''మీ చేపకు కార్డొచ్చింది'' అని చూపించి వచ్చింది. నేను తలుపు సందులోంచి చూసి పళ్లు నూరుకున్నాను. ఒక్క సాయంత్రం కూడా సరిగ్గా రేడియో విననిదానికి కార్డు, ఏడాది చెవులు కోసుకున్నవాడికి చిప్ప.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాటినుంచి అవ్వ అరుగు మీద కూర్చుని పోస్టు మామ కోసం ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఆయన సైకిలు కనపడితే చాలు, లేచి నిలబడేది. ''నాకేమన్న ఒచ్చిందా?'' ఇంత ముసలామెకు ఇదేం పిచ్చని నేను చీదరించుకునేవాణ్ని. చివరికి ఒకరోజు నన్ను పట్టుకుంది.

''ఇంకోటి ఎప్పుడొస్తదిరా?''

''ఊకె ఒస్తదా? రేడియో ఇని రాయాలె.''

''అయితే నేనింట, నువ్వు రాయి.''

విన్నది. నిజంగానే సాయంత్రం సాయంత్రం రేడియో ముందు కాళ్లు చాపుకుని, వక్కలు కొరుకుతూ కూర్చుంది. నేను కాగితం పట్టుకుని విసుగ్గా ఒక్కొక్కటే అడిగాను. గొంతు గట్టిగున్నదా? లేదు. అయితే ఒకటి. గరగర ఉన్నదా? మస్తున్నది. అయితే ఒకటి. ఒకటి, ఒకటి. చివరిది మిగిలింది.

''మొత్తం మీద ఎట్లున్నది?''

''మంచిగున్నది'' అంది అవ్వ.

''ఏం మంచిగున్నదే? ఏం వినవడ్తలేదు గద.''

''వినవడకుంటె ఏందిరా? గంత దూరం నుంచి మనతోని మాట్లాడుతాండ్రు. అయిదెయ్యి.''

వాదించి వాదించి అయిదు వేశాను. నాలుగు ఒకట్లు, చివర అయిదు. ఇంత అర్థంలేని ఉత్తరం ఆ దేశం ఎప్పుడూ చూసి ఉండదని తిట్టుకుంటూ పోస్టులో పడేశాను. కార్డు వచ్చింది. మంచులో వెలిగించిన దీపాలు. వెనక వైపు 'మాతాజీకి' అని ఒక్క మాట, కింద దొర సంతకం, మిగతాదంతా ఖాళీ. నా చేత చదివించుకుని, అవ్వ నా ముఖం చూసింది.

''నీ పేరు లేదా?''

''లేదు'' అన్నాను.

''రాసినోడివి నువ్వు గదరా. జాగ మస్తున్నది. నా పేరు పక్కన నీ పేరు రాస్కో.''

''మనమే రాసుకుంటె ఒచ్చినట్టు గాదు. నీకేం తెల్వదు'' అని కార్డు ఆమె ఒళ్లో పడేసి లేచిపోయాను. నేను అంత నిజాయితీపరుణ్ని. కార్డు కోసం చచ్చిపోయేవాణ్ని గాని అరువు కార్డు పుచ్చుకునే రకం కాదు. ఆమె దాన్ని వక్కల సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత వాళ్ల హిందీ రేడియో ఆగిపోయిందని మేడ్చల్ బావ చెప్పాడు, నేను అవ్వకు చెప్పలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ సైకిలు బెల్లు వినపడితే అరుగు మీదికి వచ్చేది.

ఇప్పుడు నేను తుర్కపల్లి ల్యాబులో మిషను చూపించిన అంకెను ఉన్నదున్నట్టు రాసే ఉద్యోగం చేస్తున్నాను. ఒక్క చుక్క అటూ ఇటూ కానివ్వనని మా వాళ్లు నన్ను చూసి మూతులు ముడుచుకుంటారు. గోడ మీది కార్డులన్నీ, మళ్లీ తాడెక్కిన చెక్క ఇంటితో సహా, ఎప్పుడో చెదలు తినేశాయి, అవ్వ వక్కల సంచిలో దాచుకున్న ఆ దీపాల కార్డొక్కటే మిగిలింది. పుట్టినరోజునాడు ఆ కేకులన్నిటికీ దండాలు పెట్టి ఇంటికొచ్చాక దాన్ని బయటికి తీశాను. 'మాతాజీకి' అన్న మాట పక్కన చాలా జాగా ఉంది. జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా తీశాను. మళ్లీ మూత పెట్టేసి, నన్ను చూసి నేనే నవ్వుకున్నాను. ఇంత వయసు వచ్చినా ఆ మొండి పిల్లగాడు ఒప్పుకోలేదు. ఆమె ఇచ్చిన జాగా ఇంకా ఖాళీగానే ఉంది.